కీత్ ఎమర్సన్ స్మృతిలో: పాశ్చాత్య శాస్త్రీయ రచనలను రాక్‌లోకి తెచ్చిన తీరుపై చర్చ

రెండోకాలం:

ఇంగ్లండ్‌కు చెందిన రాక్ కీబోర్డు విద్వాంసుడు కీత్ ఎమర్సన్ 2016 మార్చిలో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో కన్నుమూశారు. ఆయన పేరు ఎత్తగానే ఇప్పటికీ ముందుగా గుర్తుకు వచ్చేవి వేదిక మీది విన్యాసాలే: హామండ్ ఆర్గాన్ (విద్యుత్తుతో పనిచేసే ఆర్గాన్) మెట్ల మధ్య కత్తులు గుచ్చడం, ఆర్గాన్‌ను మీదికి లాక్కుని వెనక వైపు నుంచి వాయించడం, 1974 ఏప్రిల్ 6న కాలిఫోర్నియా జామ్ కచేరీలో పియానోతో సహా గాల్లో తలకిందులుగా తిరగడం. ఇవన్నీ జరిగినవే, చూడటానికి సరదాగానూ ఉంటాయి. అయితే ఆ దృశ్యాలను పక్కన పెట్టి రికార్డులు మాత్రమే విన్నవారికి మరొక మనిషి కనిపిస్తాడు. ఒక పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన రచనను ముందు పెట్టుకుని, అందులో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో, ఏ వరుసను ఏ వాద్యానికి అప్పగించాలో ఓపికగా తేల్చుకునే అరేంజర్ ఆయన. ఈ చర్చ ఆ మనిషి గురించి జరగాలని నా కోరిక.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఎమర్సన్ 1944 నవంబరు 2న ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న టాడ్‌మోర్డెన్‌లో పుట్టారు. యుద్ధం కారణంగా అక్కడికి తరలివెళ్ళిన ఆయన కుటుంబం తరువాత దక్షిణ తీరంలోని వర్దింగ్ ప్రాంతానికి వచ్చి స్థిరపడింది. పియానో నేర్చుకున్నది స్థానిక ఉపాధ్యాయుల దగ్గరే, ఏ సంగీత కళాశాలలోనూ కాదు. ఒకవైపు బాఖ్ రచనలు సాధన చేస్తూనే మరోవైపు ఫ్యాట్స్ వాలర్, ఆస్కార్ పీటర్సన్ వంటి జాజ్ విద్వాంసులను వింటూ పెరిగారు. జాక్ మెక్‌డఫ్ వాదనం విన్న తరువాత హామండ్ ఆర్గాన్ వైపు మనసు మళ్ళింది. 1967లో గాయని పి. పి. ఆర్నాల్డ్‌కు వెనక వాయించడానికి ఏర్పడిన 'ది నైస్' బృందం కొద్ది కాలంలోనే సొంతంగా నిలబడింది. 1970లో గ్రెగ్ లేక్, కార్ల్ పామర్‌లతో కలిసి 'ఎమర్సన్, లేక్ అండ్ పామర్' మొదలుపెట్టారు. ఇకపై దానిని ఈఎల్పీ అని రాస్తాను.

నైస్ కాలంలోనే ఆయన పద్ధతి తెలిసిపోతుంది. డేవ్ బ్రూబెక్ రాసిన ప్రసిద్ధమైన జాజ్ రచన ఒకటి తొమ్మిది అక్షరాల లెక్కలో, రెండు-రెండు-రెండు-మూడుగా నడుస్తుంది. ఎమర్సన్ ఆ వరుసను తీసుకుని తిన్నగా నాలుగు లెక్కలోకి మార్చి 'రాండో' అన్నారు. మూలంలోని తొమ్మిది లెక్క పోయింది, దాని స్థానంలో పరుగు వచ్చింది. ఈ మార్పు వల్ల కలిగింది లాభమా, నష్టమా అన్నదాని మీద నాకే రోజుకొక అభిప్రాయం ఉంటుంది. ఆయన చేసిన అనుసరణలలో ఈనాటికీ సంగీతంగా నిలిచేవి ఏవి, ఎందుకు నిలుస్తాయి అన్నది నా ప్రశ్న.

ఎదురుతాళం:

నిలిచేవాటి గురించి మాట్లాడే ముందు, ఎవరివి తీసుకున్నారో చెప్పారా లేదా అన్నది తేల్చుకోవాలి. 1970 నవంబరులో వచ్చిన ఈఎల్పీ తొలి ఆల్బమ్‌లో మొదటి అంశం 'ది బార్బేరియన్'. అది బేలా బార్తోక్ 1911లో పియానో కోసం రాసిన 'అలెగ్రో బార్బరో'. అదే ఆల్బమ్‌లోని 'నైఫ్ ఎడ్జ్' లియోష్ యానాచెక్ రాసిన 'సిన్ఫొనియెట్టా' మొదటి భాగం మీద నిలిచింది, దాని మధ్యలో బాఖ్ ఫ్రెంచ్ సూట్లలో మొదటిదాని నుంచి ఒక భాగం ఉంది. తొలి ముద్రణలో బార్తోక్ పేరు గానీ, యానాచెక్ పేరు గానీ లేవు. ఆక్షేపణ వచ్చాకే తరువాతి ముద్రణలలో చేర్చారు.

బార్తోక్ మరణించినది 1945లో, అంటే ఆల్బమ్ వచ్చేనాటికి పాతికేళ్ళే అయింది. ఆయన భార్య అప్పటికి జీవించే ఉన్నారు. బాఖ్ విషయంలో హక్కుల ప్రసక్తి లేదు కాబట్టి ఆయన సంగతి వదిలేద్దాం. కానీ ఇరవయ్యో శతాబ్దపు స్వరకర్త రచనను తీసుకుని పేరు చెప్పకపోవడం చిన్న విషయం కాదు. ఆల్బమ్ కొన్న పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు అదంతా ఎమర్సన్ ఊహే అనుకుంటాడు. అరేంజర్‌గా గౌరవించాలంటే ముందు ఆయన అరేంజర్‌నని చెప్పుకుని ఉండాలి గదా.

నలుపు తెలుపు మెట్లు:

ఎదురుతాళం గారు చెప్పిన పేర్ల విషయంలో నాకు పేచీ లేదు. పేరు వేయాల్సిందే, వేయకపోవడం తప్పే. అయితే ఆ రెండు అంశాలలో సంగీతపరంగా ఏమి జరిగిందో విడిగా చూడవలసి ఉంది. పియానో నేర్పే వృత్తిలో ఉన్నాను గనుక, 'అలెగ్రో బార్బరో' మా విద్యార్థుల చేతుల్లో ఎన్ని పాట్లు పడుతుందో నాకు తెలుసు.

మూల రచన మొత్తం మూడు నిమిషాల లోపే ముగుస్తుంది. పియానోను తీగవాద్యంలా కాక చర్మవాద్యంలా వాడాలన్న పట్టుదల అందులో ఉంటుంది. ఎడమ చేయి ఒకే దట్టమైన స్వర సముదాయాన్ని పదే పదే కొడుతుండగా కుడి చేయి జానపదపు పోకడలున్న పొట్టి వరుసలను దాని మీద వేస్తుంది. ఇప్పుడు ఈ రచనను హామండ్ ఆర్గాన్ మీదికి తెచ్చారనుకోండి. హామండ్ మెట్టును మెల్లగా నొక్కినా, బలంగా కొట్టినా శబ్దం ఒకే స్థాయిలో వస్తుంది. కాలితో నొక్కే పెడల్ ఒక్కటే శబ్దాన్ని పెంచి తగ్గించగలదు. బార్తోక్ రచనకు ప్రాణమైన దెబ్బ ఆర్గాన్ మీద పుట్టదు. ఎమర్సన్ ఆ దెబ్బను లేక్ బాస్ గిటార్‌కూ పామర్ డ్రమ్ములకూ అప్పగించి, ఆర్గాన్‌కు గరుకైన నాదాన్ని మాత్రం ఉంచుకున్నారు. మధ్య భాగానికి రాగానే ఆర్గాన్ ఆగిపోయి పియానో మొదలవుతుంది. పామర్ కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లు అందుకుంటాడు. కాసేపు జాజ్ త్రయం వింటున్నట్టు అనిపించి, తరువాత మళ్ళీ ఆర్గాన్ విరుచుకుపడుతుంది.

బార్తోక్ స్వరాలను కాపీ చేసినవాడికి ఈ పని పంపకం తట్టదు. పియానో మీద రెండు చేతులు చేస్తున్న రెండు వేర్వేరు పనులను గుర్తించి, వాటిని ముగ్గురు మనుషులకు పంచినవాడికే తడుతుంది. 'నైఫ్ ఎడ్జ్' విషయంలో నాకు అంత ఉత్సాహం లేదు. యానాచెక్ ఇత్తడి వాద్యాల గుంపుతో నిర్మించిన వైభవం అక్కడ పాటకు ఆధారంగా కుదించుకుపోయింది. దాని మధ్యలో వచ్చే బాఖ్ మాత్రం చక్కగా అమరింది, ఎందుకంటే ఆ వరుసలు ఆర్గాన్ మీద సహజంగానే పలుకుతాయి.

శ్రుతిపెట్టె:

మొదటి టపాలో కత్తుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ది నైస్ బృందానికి సామాను మోసే కుర్రవాళ్ళలో ఒకడు, తరువాత మోటర్‌హెడ్ రాక్ బృందానికి నాయకుడైన లెమ్మీ. ఎమర్సన్‌కు కత్తులు ఇచ్చినది అతనే. రెండు మెట్ల మధ్య కత్తి దిగితే ఆ స్వరాలు నొక్కినట్టే ఉండిపోతాయి. తంబురా శ్రుతిలాగా ఆ నాదం వెనక ఆగకుండా మోగుతుండగా ఆయన రెండు చేతులకూ మరో వాద్యం మీదికి వెళ్ళే వీలు దొరికేది. కాబట్టి ప్రదర్శనకూ సంగీత ప్రయోజనానికీ మధ్య గీత మనం అనుకున్నంత తిన్నగా లేదు.

వేదిక మీద చితకబాదిన ఆర్గాన్ చిన్నదైన ఎల్-100. కుదిపినప్పుడు దాని లోపలి రివర్బ్ స్ప్రింగులు ఉరిమినట్టు మోగేవి. కరెంటు ఆపి మళ్ళీ ఇస్తే లోపలి చక్రాల వేగం తగ్గి, శ్రుతి జారి, మళ్ళీ పైకి ఎక్కేది. నిజంగా జాగ్రత్తగా వాయించవలసిన భాగాలకు పక్కనే పెద్ద సి-3 ఆర్గాన్ ఉండేది, దాని జోలికి కత్తులు పెద్దగా పోలేదు.

మూగ్ సింథసైజర్ (విద్యుత్తుతో నాదాలు పుట్టించే యంత్రం) సంగతి వేరే కథ. 1968లో బాఖ్ రచనలను పూర్తిగా మూగ్ సింథసైజర్ మీద వాయించి వెండీ కార్లోస్ చేసిన ఆల్బమ్ విన్న తరువాత ఎమర్సన్‌కు ఆ యంత్రం కావాలనిపించింది. మొదట మైక్ వికర్స్ దగ్గర అరువు తెచ్చుకుని నైస్ కచేరీలో వాడారు, తరువాత సొంతంగా కొన్నారు. అది ఒకసారికి ఒక్క స్వరమే పలికే యంత్రం. ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పైకి వెళుతుంది. వేదిక మీద దీపాల వేడికి లోపలి సర్క్యూట్లు మారి శ్రుతి తప్పేది. ఒక నాదం నుంచి మరో నాదానికి మారాలంటే తీగలు పీకి వేరేచోట గుచ్చాలి. స్టూడియోలో కూర్చుని నింపాదిగా చేయవలసిన ఆ పనిని వేల మంది ముందు చేయడానికి సిద్ధపడ్డ తొలి మనుషులలో ఆయన ఒకరు. ముందుగా అమర్చుకున్న నాదాలను మీట నొక్కి పిలిచే ఏర్పాటు ఉండటం వల్లనే అది సాధ్యపడింది. ఆ యంత్రాన్ని తయారుచేసిన రాబర్ట్ మూగ్‌తో ఆయన స్నేహం మూగ్ మరణించిన 2005 దాకా సాగింది. తొలి ఆల్బమ్ చివరి పాటలో వినిపించే మూగ్ వాదనం, యంత్రం కొత్తలో ప్రయోగంగా వాయించి చూసినది. అదే రికార్డులో ఉండిపోయింది.

ఏకతాళి:

బ్రిటిష్ రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్, ఈఎల్పీ తొలి కచేరీలలో ఒకటి విని, అది ప్రతిభనూ విద్యుత్తునూ వృథా చేయడమేనని తేల్చిన సంగతి కూడా ఇక్కడ నమోదు కావాలి. నాకు ఈఎల్పీ ఇష్టమే, ఆ మాటా ఇష్టమే.

రెండోకాలం:

'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్' గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తాను. రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1874లో, చనిపోయిన తన చిత్రకార మిత్రుడు విక్టర్ హార్ట్‌మన్ జ్ఞాపకంగా, ఒక్కో బొమ్మకు ఒక్కో భాగంగా దీనిని పియానో కోసం రాశారు. నేడు ఎక్కువమందికి తెలిసినది 1922లో రావెల్ చేసిన ఆర్కెస్ట్రా రూపం. అంటే ఎమర్సన్ చేతికి వచ్చేనాటికే ఇది ఒక చేయి మారిన రచన. ఈఎల్పీ దీనిని 1970 ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో, చివర ఫిరంగులు పేల్చి మరీ వినిపించింది. ఆల్బమ్‌గా వచ్చినది మాత్రం 1971 మార్చి 26న న్యూకాసిల్ సిటీ హాల్‌లో జరిగిన కచేరీ.

ఆ రికార్డింగు మొదటి నిమిషాలను ఎప్పుడు విన్నా నాకు ముచ్చటేస్తుంది. బొమ్మల మధ్య నడకను సూచించే 'ప్రొమెనాడ్' వరుసను ఎమర్సన్ ఆ హాలులోనే ఉన్న పెద్ద పైపు ఆర్గాన్ మీద వాయిస్తారు. అది ముగిశాక పామర్ డ్రమ్ము మీద ఒక దీర్ఘమైన మోత మొదలవుతుంది. ఎమర్సన్ పైనుంచి దిగి తన వాద్యాల దగ్గరికి చేరడానికి అంత సమయం పట్టేది మరి. అసలు రచనలోని పది బొమ్మల్లో వాళ్ళు తీసుకున్నవి నాలుగే: మరుగుజ్జు, పాత కోట, బాబా యాగా (రష్యన్ జానపద కథల మంత్రగత్తె) గుడిసె, కీవ్ మహాద్వారం. మిగతా చోటును లేక్ రాసిన ఒక గిటార్ పాటతోనూ, ఒక బ్లూస్ విస్తరణతోనూ, బాబా యాగాకు తామే చేర్చిన మరొక భాగంతోనూ నింపారు.

ఈ ఎంపిక వెనక ఒక తర్కం ఉందని నా అభిప్రాయం. గుడ్డులోంచి బయటికి రాని కోడిపిల్లల నాట్యం, సంతలో ఆడవాళ్ళ కలహం వంటివి వేళ్ళ చురుకుదనం మీద, రంగుల మార్పు మీద ఆధారపడ్డవి. ముగ్గురి బృందం వాటిని మోస్తే తేలిపోయేవి. బరువు, చీకటి, ఘంటానాదం ఉన్న బొమ్మలను మాత్రమే ఎంచుకున్నారు. 'పాత కోట' వరుసను అనూహ్యంగా వేగం పెంచి బ్లూస్‌లోకి దించడం కొందరికి కిట్టకపోవచ్చు.

ఎదురుతాళం:

నాకు కిట్టలేదు. రావెల్‌తో పోలిక తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను: రావెల్ ఒక 'ప్రొమెనాడ్'ను తప్ప దాదాపు అన్నింటినీ ఉంచాడు, వరుస క్రమాన్నీ ఉంచాడు. బొమ్మ నుంచి బొమ్మకు నడిచే మనిషి మనసు మారుతూ పోవడం ఆ రచనకు వెన్నెముక. ఆరు బొమ్మలను తీసేసి, వాటి స్థానంలో సొంత పాట పెట్టిన తరువాత అది ముసోర్గ్‌స్కీ ప్రదర్శనశాల ఎలా అవుతుంది? పైగా అదే కచేరీలో కొసరుగా చైకోవ్‌స్కీ బ్యాలే కవాతును రాక్ అండ్ రోల్‌గా మార్చిన 'నట్‌రాకర్' వాయించారు. జనం చప్పట్లు కొట్టారు, నిజమే. ఆ చప్పట్లకు అలవాటు పడటమే ఎమర్సన్ లోపమని నేను అంటున్నాను.

నలుపు తెలుపు మెట్లు:

'నట్‌రాకర్' ఎమర్సన్ అనుసరణ కాదు. అది 1962లోనే బి. బంబుల్ అండ్ ది స్టింగర్స్ పేరుతో వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన పాత హిట్టు. దానిని ఆయన సరదాకు వాయించారు. దాని బరువును ఆయన ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ఎదురుతాళం గారు అడిగిన అసలు ప్రశ్నకు సమాధానం 'పిక్చర్స్'లో లేదు, 1973లో వచ్చిన 'టొకాటా'లో ఉంది. అర్జెంటీనా స్వరకర్త అల్బెర్తో జినాస్తేరా 1961లో రాసిన మొదటి పియానో కన్చెర్తో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) నాలుగో భాగం దానికి మూలం. ఈ విషయంలో తొలి ఆల్బమ్ నాటి పొరపాటు జరగలేదు. ఎమర్సన్ తమ అనుసరణను రికార్డు చేసుకుని, జినాస్తేరా నివసిస్తున్న జెనీవాకు స్వయంగా వెళ్ళి వినిపించారు. విన్న స్వరకర్త సంతోషంగా అనుమతించారు, ఆయన ప్రశంస ఆల్బమ్ అట్ట మీద అచ్చయింది కూడా.

ఇక సంగీతం. మూలంలో పియానోకూ ఆర్కెస్ట్రాకూ మధ్య కొట్లాట జరుగుతుంది. ఆరు అక్షరాల పరుగు ఒకసారి మూడు-మూడుగా, ఒకసారి రెండు-రెండు-రెండుగా విరుగుతూ పోతుంది. ఇది దక్షిణ అమెరికా జానపద నృత్యాలలో ఉన్న పద్ధతి, మన తిశ్రం చతురశ్రం మీదికి ఎక్కినప్పుడు కలిగే ఉలికిపాటుకు దగ్గరగా ఉంటుంది. స్వరాల సంగతికి వస్తే, పాడుకోదగ్గ వరుస అంటూ అందులో దాదాపు ఏమీ లేదు. రాక్ శ్రోతకు పట్టుకోవడానికి ఏ కొమ్మా లేని రచన అది. 'పిక్చర్స్'కు ఉన్నట్టు తెలిసిన పేరు, గుర్తుండే పల్లవి వంటి సదుపాయాలు ఇక్కడ లేవు.

ఎమర్సన్ దానిని ఎక్కడా మెత్తబరచలేదు. ఇత్తడి వాద్యాల అరుపులను మూగ్‌కు ఇచ్చారు, పియానో దాడిని ఆర్గాన్ మీద తెగ్గొట్టినట్టుండే స్వరాలుగా మార్చారు, టింపనీ (ఆర్కెస్ట్రాలోని పెద్ద డ్రమ్ములు) పనిని పామర్‌కు అప్పగించారు. మధ్యలో పామర్ సొంతంగా కూర్చిన తాళవాద్య భాగం వస్తుంది. డ్రమ్ములకు సింథసైజర్‌ను తగిలించి, దెబ్బ కొడితే ఎలక్ట్రానిక్ నాదం పుట్టేలా చేసిన ప్రయోగం అక్కడ వినిపిస్తుంది. అది జినాస్తేరా రాయనిదే, కానీ జినాస్తేరా ధోరణిని తప్పనిది. మూల రచనను ఒకసారి, ఈఎల్పీ రూపాన్ని ఒకసారి వెంటవెంటనే వినండి. రెండోది విన్నాక మొదటిది మరింత స్పష్టంగా వినిపించడం నా అనుభవం. 'పిక్చర్స్' విషయంలో నాకు అలా జరగలేదు.

ఎదురుతాళం:

'టొకాటా' విషయంలో మీతో ఏకీభవించడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ ఒక్కదానితో ఆయన్ను గొప్ప అరేంజర్ అందామా, ఆ ఒక్కదానిని మినహాయింపు అందామా అన్నది మిగిలే ఉంది.

మంద్రస్థాయి:

ఆ కాలంలో ఇదే దారిలో నడిచిన మరొకరిని పక్కన పెట్టి చూస్తే ఎమర్సన్ ప్రత్యేకత తెలుస్తుంది. డీప్ పర్పుల్ బృందానికి చెందిన జాన్ లార్డ్ 1969 సెప్టెంబరులో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో, మాల్కమ్ ఆర్నాల్డ్ నిర్వహణలో రాయల్ ఫిల్హార్మానిక్‌తో కలిసి తన సొంత కన్చెర్తోను వినిపించారు. అందులో బృందం ఒకవైపు, ఆర్కెస్ట్రా ఒకవైపు ఉండి మాటకు మాట చెప్పుకుంటాయి. ఎమర్సన్ కూడా నైస్ రోజుల్లో 'ఫైవ్ బ్రిడ్జెస్' పేరుతో అటువంటి ప్రయత్నం చేశారు గానీ, ఈఎల్పీ మొదలయ్యాక చాలా ఏళ్ళు ఆర్కెస్ట్రా అవసరమే లేని పద్ధతిని వెతికారు. ఎప్పుడైతే మళ్ళీ ఆర్కెస్ట్రా వైపు తిరిగారో, 1977 పర్యటనలో డెబ్బై మంది దాకా వాద్యకారులను వెంట తిప్పారో, అప్పుడు ఖర్చు తట్టుకోలేక పర్యటన మధ్యలోనే వారిని వదులుకోవలసి వచ్చింది. ముగ్గురితో డెబ్బై మంది పని చేయించడమే ఆయన బలం అనిపిస్తుంది.

చౌరంగీ:

1977 ప్రస్తావన వచ్చింది కాబట్టి మన దేశంతో ముడిపడిన ఒక సంగతి చెబుతాను. ఆ ఏడాది వచ్చిన 'వర్క్స్' మొదటి సంపుటంలో ఒక పక్క అంతా ఎమర్సన్ సొంతంగా రాసిన పియానో కన్చెర్తో ఉంది. లండన్ ఫిల్హార్మానిక్ వాయించిన ఆ రచనకు కండక్టర్ జాన్ మేయర్. వాద్యవిన్యాసంలో ఎమర్సన్‌కు సహకరించినదీ ఆయనే.

మేయర్ కలకత్తాలో పుట్టిన ఆంగ్లో-ఇండియన్. వయొలిన్ నేర్చుకుని లండన్ వెళ్ళి, 1950లలో అదే లండన్ ఫిల్హార్మానిక్‌లో వయొలిన్ విభాగంలో వాయించారు. స్వరకర్తగా ఆయన వెతికినది హిందుస్తానీ రాగాలనూ తాళాలనూ పాశ్చాత్య పద్ధతిలోకి తెచ్చే మార్గం. 1960ల నడుమ జమైకా నుంచి వచ్చిన సాక్సఫోన్ విద్వాంసుడు జో హారియట్‌తో కలిసి ఆయన నడిపిన 'ఇండో-జాజ్ ఫ్యూజన్స్'లో సితార్, తబలా ఒక పక్క, జాజ్ వాద్యాలు ఒక పక్క కూర్చునేవి. రెండు సంప్రదాయాలను ఒకచోట కూర్చోబెట్టడంలోని సాధకబాధకాలు బాగా తెలిసిన మనిషిని ఎమర్సన్ ఎంచుకున్నారన్నమాట. అంతమాత్రాన ఆ కన్చెర్తోలో రాగాలు వెతకవద్దు, దొరకవు. అమెరికా స్వరకర్త కోప్లాండ్, పైన చెప్పిన జినాస్తేరా, బార్తోక్‌ల నీడలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి.

దాని మూడో భాగం వినదగినది. 1975లో ససెక్స్‌లోని ఎమర్సన్ ఇల్లు మంటల్లో కాలిపోయింది. ఆ కోపమే ఈ భాగంలోకి దిగిందని చెబుతారు. భాగానికి పెట్టిన పేరులోనే నిప్పు ఉంది. అప్పటిదాకా ఇతరుల రచనలను తన చేతికి అనువుగా మలుచుకున్న మనిషి, ఇక్కడ వారి దగ్గర నేర్చుకున్న భాషలో సొంత మాట చెప్పడానికి ప్రయత్నించారు. రెండో భాగం పొట్టిగా, కాస్త తొందరపడి ముగించినట్టుగా ఉంటుందని ఒప్పుకోక తప్పదు.

ఏకతాళి:

ఆ రచనను ఇప్పటి పియానో విద్వాంసులు కచేరీలలో వాయిస్తున్నారా?

నలుపు తెలుపు మెట్లు:

అప్పుడప్పుడు వాయిస్తున్నారు. ఎమర్సన్ ఉండగానే ఇతర పియానిస్టులు రికార్డు కూడా చేశారు. వేళ్ళకు కష్టమైనదే గానీ, పియానో తెలిసినవాడు రాసినది కాబట్టి చేతికి సహజంగా అమరుతుంది.

రెండోకాలం:

చేతుల మాట వచ్చింది కాబట్టి చివరి సంవత్సరాల గురించి కొద్దిగా రాస్తాను. 1990ల మొదట్లో ఆయన కుడి చేతికి నాడీ సంబంధమైన ఇబ్బంది వచ్చి శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత కొంతకాలం ఎడమ చేతి మీదే ఆధారపడి సాధన చేసుకుంటూ మెల్లగా వేదికకు తిరిగి వచ్చారు గానీ, కుడి చేయి పాత స్థితికి ఎన్నడూ రాలేదు. 2010 జులైలో లండన్‌లో ముగ్గురూ కలిసి వాయించిన కచేరీయే ఈఎల్పీకి చివరిది. 2016 ఏప్రిల్‌లో జపాన్‌లో కచేరీలు చేయవలసి ఉంది. తన స్థాయిలో వాయించలేనేమో, వినవచ్చినవారిని నిరాశపరుస్తానేమో అన్న బెంగ ఆయనను చాలా వేధించిందని సన్నిహితులు చెప్పారు. మనోవ్యాధితో బాధపడుతున్న ఆయన తన ప్రాణాన్ని తానే తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో గ్రెగ్ లేక్ కూడా క్యాన్సర్‌తో వెళ్ళిపోయారు.

ఆ చివరి కచేరీల వీడియోల కింద కొందరు రాసిన వెటకారపు మాటలు ఆయన చదివేవారని కూడా విన్నాము. ఇక్కడ ఎవరూ ఆ ధోరణిలో రాయలేదు, రాయరని నమ్ముతున్నాను.

శ్రుతిపెట్టె:

జపాన్ పేరు వచ్చింది కాబట్టి, అరేంజర్ అన్న చర్చకు పనికి వచ్చే మరో సంగతి. 1971లో వచ్చిన 'టార్కస్' ఎమర్సన్ అనుసరణ కాదు, ఆయన సొంత రచనే, ఇరవై నిమిషాలకు పైగా సాగుతుంది. దాని మొదటి భాగంలో ఎడమ చేయి ఖండగతిలో ఐదు లెక్కను వదలకుండా తిప్పుతుంటుంది. స్వర సముదాయాలు షడ్జమానికీ మధ్యమానికీ మధ్య ఉండే దూరాన్నే మెట్లు మెట్లుగా పేర్చినవి. జపాన్ స్వరకర్త తకాషి యోషిమత్సు ఈ రచనను పూర్తి ఆర్కెస్ట్రాకు మార్చగా, 2010లో టోక్యో ఫిల్హార్మానిక్ వినిపించింది. అంటే ముసోర్గ్‌స్కీకి రావెల్ చేసిన పనిని ఎమర్సన్‌కు మరొకరు చేశారు. ఆర్గాన్ మీద కరకుగా వినిపించే ఆ ఐదు లెక్క తీగవాద్యాలకూ ఇత్తడి వాద్యాలకూ చేరాక, అందులో బార్తోక్ ఎంత ఉన్నాడో తేటతెల్లమవుతుంది. ఎదురుతాళం గారు దానిని వినాలని నా మనవి.

ఎదురుతాళం:

విన్నాను. ఆర్కెస్ట్రా రూపం బాగుంది. నిజానికి దానిని విన్నాకే 'టొకాటా' ఒక్కటే మినహాయింపు అనడానికి నాకు వెనకాడవలసి వస్తోంది. తొలి ఆల్బమ్ మీద పేర్లు లేకపోవడం గురించి నేను అన్నది మాత్రం అలాగే ఉంచుతున్నాను.

ఏకతాళి:

ఈ తరం పిల్లలకు ఎమర్సన్‌ను పరిచయం చేయాలంటే దేనితో మొదలుపెట్టాలి? మా అబ్బాయి కీబోర్డు నేర్చుకుంటున్నాడు, 'టొకాటా' వినిపిస్తే పారిపోయాడు.

మంద్రస్థాయి:

కోప్లాండ్‌తో మొదలుపెట్టండి. ఆయన రచన మీద చేసిన 1972 నాటి 'హోడౌన్' నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది, వరుస వెంటనే పట్టుబడుతుంది. ఆ తరువాత 1977లో బ్రిటన్ పట్టికలో రెండో స్థానానికి వెళ్ళిన 'ఫ్యాన్‌ఫేర్ ఫర్ ది కామన్ మ్యాన్' వినిపించండి. కోప్లాండ్ 1942లో ఇత్తడి వాద్యాలకూ తాళవాద్యాలకూ మాత్రమే రాసిన గంభీరమైన పొట్టి రచన అది. ఎమర్సన్ ఆ బాకాలను యమహా జీఎక్స్-1 సింథసైజర్ మీద పలికించి, కింద లేక్ బాస్‌తో ఊగే నడకను పెట్టారు. కోప్లాండ్ అనుమతించారు. అయితే మొదటా చివరా తన రచన ఉన్నదిగానీ, నడుమ వాళ్ళు చేసినదానికీ తన సంగీతానికీ ఉన్న సంబంధం తనకు అంతు పట్టలేదని ఆయన ఒక ముఖాముఖిలో నవ్వుతూ అన్నారు. రేడియో కోసం కత్తిరించిన మూడు నిమిషాల రూపంలో ఆ నడుమ భాగం చాలావరకు పోయింది. ఆల్బమ్‌లోని తొమ్మిది నిమిషాలు దాటిన రూపమే వినిపించండి, అబ్బాయికి కీబోర్డు మీద పని ఉన్నది ఆ నడుమ భాగంలోనే.